గ్లామర్ అనే మాట గ్రామర్ నుంచి పుట్టిందా?

మీరు అడిగినవి మూడు విషయాలు. అందానికీ ఆకర్షణకూ పర్యాయంగా వాడే ‘గ్లామర్’ అనే ఆంగ్లపదం, వ్యాకరణమనే అర్థంగల ‘గ్రామర్’ నుంచి పుట్టిందని ఎక్కడో చదివారు; అది నిజమా, లేక ఉచ్చారణ దగ్గరగా ఉందని ఎవరైనా అల్లిన కథా అన్నది మొదటి ప్రశ్న. నిజమే అయితే వ్యాకరణానికీ అందానికీ పొత్తు ఎలా కుదిరిందన్నది రెండవది. అమెరికన్లు చాలా పదాల చివర వదిలేసే ‘యు’ అక్షరాన్ని ఈ పదంలో ఎందుకు ఉంచుకొన్నారన్నది మూడవది. ఆంగ్లపదాల చరిత్రను చాలాకాలం బోధించిన అనుభవంతో చెబుతున్నాను, ఈ మూడింటికీ సమాధానం ఒకే చరిత్రలో దొరుకుతుంది.

మొదటి ప్రశ్నకు జవాబు అవుననే. గ్లామర్ అనేది గ్రామర్ అనే పదానికి స్కాట్లండ్‌లో ఏర్పడిన రూపాంతరం. ప్రామాణిక ఆంగ్ల నిఘంటువులు అంగీకరించిన వ్యుత్పత్తి ఇదే. అయితే వ్యాకరణం నేరుగా అందంగా మారలేదు. ముందు వ్యాకరణం పాండిత్యమైంది, పాండిత్యం మంత్రవిద్యగా అనుమానానికి గురైంది, ఆ మంత్రవిద్యలోని ఒక ప్రత్యేకమైన ప్రయోగానికి గ్లామర్ అన్న పేరు నిలిచింది. అందం అన్న అర్థం ఈ వరుసలో అన్నిటికంటే చివర వచ్చింది. దాని వయస్సు రెండు వందల ఏళ్లు కూడా ఉండదు.

మూలం గ్రీకుభాషలో ఉంది. ‘గ్రాఫైన్’ అంటే గీయడం, రాయడం. ‘గ్రమ్మ’ అంటే రాసిన అక్షరం. ‘గ్రమ్మటికె తెఖ్నె’ అంటే అక్షరవిద్య. గ్రీకుల దృష్టిలో ఈ విద్య విభక్తులకూ క్రియారూపాలకూ పరిమితమైనది కాదు. కవుల రచనలను చదవడం, పాఠాన్ని పరిష్కరించడం, అర్థాన్ని వివరించడం అన్నీ అందులో భాగాలే. ఆ పదం లాటిన్‌లో ‘గ్రమ్మాటిక’గా, ప్రాచీన ఫ్రెంచిలో ‘గ్రమేర్’గా మారి ఆంగ్లానికి చేరింది. మధ్యయుగపు ఐరోపా విద్యావిధానంలో వ్యాకరణం, తర్కం, అలంకారశాస్త్రం అన్న మూడూ తొలి మెట్టుగా ఉండేవి. వాటిలో వ్యాకరణమంటే ఆచరణలో లాటిన్ భాషే. ఇంట్లో మాట్లాడే భాషకు వ్యాకరణమనేది ఒకటుంటుందన్న ఊహ ఆ కాలంలో సామాన్యంగా లేదు. అందుచేత ‘అతనికి గ్రామర్ వచ్చు’ అంటే అతనికి లాటిన్ వచ్చునని, శాస్త్రగ్రంథాలు చదవగలడని, చర్చిలోనూ న్యాయస్థానంలోనూ రాజాస్థానంలోనూ నడిచే వ్యవహారమంతా అతనికి తెలుసునని అర్థం. ఆంగ్లేయుల ‘గ్రామర్ స్కూలు’ అన్న పేరులో ఈ పాత అర్థపు జాడ ఇంకా ఉంది. మొదట్లో అవి లాటిన్ నేర్పిన బడులు.

చదువు రానివాడి దృష్టిలో ఈ విద్య ఎలా కనిపించి ఉంటుందో ఆలోచిస్తే తర్వాతి మార్పు సులభంగా అర్థమవుతుంది. ఒక మనిషి తోలుకాగితం మీద ఉన్న గీతలను చూస్తూ, ఎప్పుడో చనిపోయినవాళ్ల మాటలను ఎవరికీ తెలియని భాషలో పైకి చదువుతాడు. ఆ మాటల వల్ల పెళ్లిళ్లు జరుగుతాయి, భూములు చేతులు మారతాయి, ప్రాణాలు నిలుస్తాయి. చివరిమాట అతిశయోక్తి కాదు: ఇంగ్లండులో కొన్ని నేరాలకు ఉరిశిక్ష పడవలసినవాడు బైబిలులోని ఒక కీర్తన చరణాన్ని చదివి చూపిస్తే, చర్చికి చెందినవాడిగా లెక్కించి ఉరి తప్పించే ఆచారం శతాబ్దాలపాటు చట్టబద్ధంగా ఉండేది. నాటకకర్త బెన్ జాన్సన్ 1598లో ఒక నటుణ్ని ద్వంద్వయుద్ధంలో చంపి, ఈ విధంగానే ఉరికంబం తప్పించుకొన్నాడు. అక్షరం వచ్చినంత మాత్రాన మెడకు ఉరి తప్పే సమాజంలో అక్షరానికి అతీతశక్తి ఉందని జనం నమ్మడంలో ఆశ్చర్యం లేదు.

షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ మొదటి అంకంలో చనిపోయిన రాజు దయ్యంగా కనిపించినప్పుడు కాపలావాడు హొరేషియోతో, నీవు చదువుకొన్నవాడివి, దానితో నీవే మాట్లాడు అంటాడు. దయ్యంతో మాట్లాడడానికి ధైర్యవంతుడికన్నా చదువుకొన్నవాడే తగినవాడన్నది నాటి ప్రేక్షకులకు వివరణ అవసరం లేని విషయం. దయ్యాలను పలకరించేది, వెళ్లగొట్టేది లాటిన్‌లో. లాటిన్ తెలిసినవాడు పండితుడు.

నిజమైన పండితుల మీద కూడా ఈ అనుమానం పడింది. గణితంలోనూ ఖగోళశాస్త్రంలోనూ దిట్ట అయిన గెర్బెర్ట్ 999లో రెండవ సిల్వెస్టర్ పేరుతో పోపు అయ్యాడు. ఆయన విద్యంతా పిశాచం దయవల్ల వచ్చిందనే కథలు తర్వాతి కాలంలో వ్యాపించాయి. ఇంగ్లండు పండితుడు రోజర్ బేకన్‌కు మాట్లాడే ఇత్తడి తల ఉండేదన్నారు. మన ప్రశ్నకు అందరికంటే ముఖ్యమైనవాడు మైకేల్ స్కాట్. ఈ స్కాట్లండ్ పండితుడు పదమూడవ శతాబ్దం తొలి దశకాల్లో స్పెయిన్‌లోని టొలీడో నగరంలో అరబ్బీ నుంచి ఖగోళగ్రంథాలను, జంతువుల గురించి అరిస్టాటిల్ రాసినవాటిని లాటిన్‌లోకి అనువదించి, ఆ తర్వాత రెండవ ఫ్రెడెరిక్ చక్రవర్తి ఆస్థానంలో జ్యోతిష్కుడిగా ఉన్నాడు. డాంటే తన కావ్యంలోని నరకంలో ఈయనను మాంత్రికుల మధ్య నిలబెట్టి, మాయామోసాల ఆట నిజంగా తెలిసినవాడని అన్నాడు. స్కాట్లండ్ జానపద కథల్లో ఆయన పూర్తిగా మాంత్రికుడైపోయాడు. జీవితకాలమంతా అనువాదాలు చేసిన మనిషికి ఇలాంటి కీర్తి మిగలడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. పైగా గ్లామర్ అన్న పదాన్ని లోకానికి పరిచయం చేసిన కావ్యంలో ఆ పదం ఆయన పుస్తకంలోంచే బయటికి వస్తుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

వ్యాకరణం మంత్రవిద్యగా మారడం ఒక్క స్కాట్లండ్‌లోనే జరిగిన వింత కాదు. ఫ్రెంచిలో అదే ‘గ్రమేర్’ నుంచి ‘గ్రిమ్వార్’ అనే మాట పుట్టింది. మంత్రాలు, యంత్రాలు, పిశాచాలను పిలిచే పద్ధతులు రాసి ఉన్న పుస్తకానికి అది పేరు. చదవడానికి వీలుకాని గజిబిజి రాతను కూడా ఫ్రెంచివాళ్లు ఆ మాటతోనే పిలుస్తారు. ఆంగ్లంలో ‘గ్రామరీ’ అనే మరో రూపం ఉండేది. మధ్యయుగంలో దానికి మొదట వ్యాకరణమని, పాండిత్యమని అర్థాలుండి, పదిహేనవ శతాబ్దం నాటికి మంత్రవిద్య అన్న అర్థం స్థిరపడింది. గ్రామరీ, గ్రిమ్వార్, గ్లామర్ మూడూ ఒకే తల్లి బిడ్డలు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, గ్లామర్ వ్యుత్పత్తి కట్టుకథ అయి ఉండవచ్చునన్న అనుమానం చాలావరకు తొలగిపోతుంది.

ఇక రకారం లకారం కావడం. ఒకే పదంలో రెండు రకారాలు దగ్గరదగ్గరగా వచ్చినప్పుడు నాలుక ఒకదాన్ని లకారంగా మార్చుకోవడం ఐరోపా భాషల్లో తరచుగా జరిగింది. లాటిన్‌లో పరదేశి అనే అర్థంగల ‘పెరెగ్రీనుస్’ ఆంగ్లంలో యాత్రికుడనే అర్థంలో ‘పిల్‌గ్రిమ్’ అయింది. ఊదారంగును తెలిపే ‘పుర్పుర’ అనే మాట ‘పర్పుల్’ అయింది. చలువరాతికి లాటిన్ పేరైన ‘మర్మోర్’ ఫ్రెంచిలో ‘మర్బ్ర్’ అయి, ఆంగ్లంలో ‘మార్బుల్’గా స్థిరపడింది. గ్రామర్‌లో మొదటి రకారం మారి గ్లామర్ కావడం ఈ కోవలోదే. మార్పు జరిగాక రెండు రూపాలు చెరొక పనికి స్థిరపడ్డాయి: బడిలో నేర్చే విద్యకు పాత రూపం, బడి బయట భయపడే విద్యకు కొత్త రూపం.

పద్దెనిమిదవ శతాబ్దపు స్కాట్లండ్‌లో గ్లామర్‌కున్న అర్థం చాలా నిర్దిష్టమైనది. కవి ఆలన్ రామ్సే 1721లో తన కవితల సంపుటానికి చేర్చిన పదకోశంలో దానిని వివరిస్తూ, దయ్యాలు గాని మంత్రగాళ్లు గాని గారడీవాళ్లు గాని చూపును మోసగించినప్పుడు, చూసేవాడి కళ్ల మీద గ్లామర్ వేశారని అంటారని చెప్పాడు. ఆ వివరణలో ‘కళ్ల మీద’ అన్న మాటను గమనించమని కోరుతున్నాను. మంత్రం పనిచేసేది చూసేవాడి కంటి మీద. చూడబడే వస్తువులో ఏ మార్పూ ఉండదు. గుడిసె గుడిసెగానే ఉంటుంది, దాన్ని చూసేవాడికి మాత్రం భవనం కనిపిస్తుంది. ఈ అర్థానికి తెలుగులో ‘కనికట్టు’ అచ్చంగా సరిపోతుంది. అందులోనూ కట్టేది కంటినే.

పాత స్కాటిష్ గాథాగీతాల్లో ఈ పదం ఇలాగే వస్తుంది. ఒక ప్రభువు భార్య తన భవనాన్ని విడిచి జిప్సీలతో వెళ్లిపోయిన కథను చెప్పే ప్రసిద్ధ గీతంలో, ఆమె చక్కని ముఖాన్ని చూడగానే వాళ్లు ఆమె మీద గ్లామర్ వేశారన్న చరణం ఉంది. నేటి వాడుక మాత్రమే తెలిసినవారు ఈ చరణాన్ని తలకిందులుగా అర్థం చేసుకొంటారు. అందగత్తె ఆమె, గ్లామర్ ఉన్నది మాత్రం ఆమె దగ్గర కాదు, అది ఆమె మీదికి విసరబడింది. జిప్సీలని పిలిచే రోమా ప్రజలకు ఈ విద్య తెలుసునన్న నమ్మకం ఆనాడు విస్తారంగా ఉండేది. సంచారజీవుల మీద స్థిరనివాసులకుండే భయమే దానికి కారణమని నేననుకొంటాను.

గ్రామర్‌కూ గ్లామర్‌కూ ఉన్న బంధం అప్పటి కవుల చెవికి తెలుసుననడానికి రాబర్ట్ బర్న్స్ సాక్ష్యం. పురాతత్వ పరిశోధకుడు ఫ్రాన్సిస్ గ్రోస్ స్కాట్లండ్ పర్యటన గురించి ఆయన 1789లో రాసిన కవితలో ఈ రెండు పదాలకూ అంత్యప్రాస కట్టాడు. గ్లామర్‌తో వ్యవహరించే జిప్సీ గుంపులను ఒక పాదంలో పిలిచి, నరకపు నల్లని గ్రామర్‌ను లోతుగా చదివిన మంత్రగాళ్లను మరుపాదంలో పిలిచాడు. వ్యుత్పత్తి గురించి నా దగ్గర చదువుకొన్నవారికి నేను మొదట చూపించేది ఈ పాదాలనే.

ఆ పదాన్ని స్కాట్లండ్ సరిహద్దులు దాటించినవాడు వాల్టర్ స్కాట్. 1805లో వెలువడిన ఆయన కావ్యం ‘ద లే ఆఫ్ ద లాస్ట్ మిన్‌స్ట్రెల్’లో, మెల్రోజ్ మఠంలోని సమాధి నుంచి మైకేల్ స్కాట్ మంత్రగ్రంథాన్ని బయటికి తీస్తారు. ఒక మరుగుజ్జు దాన్ని కాస్త తెరిచి ఒకే ఒక చిన్న మంత్రం చదవగలుగుతాడు. ఆ మంత్రంలో గ్లామర్ శక్తి నిండి ఉందంటాడు కవి. దాని ప్రభావం వల్ల స్త్రీ వీరుడిలా కనిపిస్తుంది, చెరసాల గోడల మీది సాలెగూళ్లు రాజప్రాసాదపు తెరల్లా కనిపిస్తాయి, కాయ పైచిప్ప బంగారుపూత పడవలా, గొల్లపాక పెద్ద భవనంలా కనిపిస్తాయి, యౌవనం ముసలితనంగానూ ముసలితనం యౌవనంగానూ తోస్తుంది. అంతా భ్రమే, అందులో సత్యం లేదు. ఇంతకంటే స్పష్టమైన నిర్వచనం ఏ నిఘంటువులోనూ దొరకదు. గ్రామరీ అన్న పాత పదాన్ని కూడా స్కాట్ ఇదే కావ్యంలో బతికించాడు. 1830లో పిశాచవిద్య గురించి రాసిన లేఖల్లోనూ గ్లామర్‌ను దృష్టిభ్రమగానే వివరించాడు.

నిజాయితీగా చెప్పవలసిన మరో వాదం ఉంది. ఐస్లాండ్ పురాతన గాథల్లో ఒకటైన గ్రెట్టిర్ గాథలో గ్లామ్ అనే ప్రేతం ఉంటుంది. గ్రెట్టిర్ దాన్ని చంపుతున్నప్పుడు, నా కళ్లు ఎప్పటికీ నీ ఎదుటే ఉంటాయని అది శపిస్తుంది. ఉన్నది ఉన్నట్లు కాకుండా మరోలా చూసేవారికి గ్లామ్ తన కళ్లను అరువిస్తాడని, దాన్నే ‘గ్లామ్ చూపు’ అంటారని ఆ గాథ చెబుతుంది. రూపంలోనూ అర్థంలోనూ ఇంత పోలిక ఉండడం వల్ల కొందరు పండితులు స్కాటిష్ పదానికి మూలం ఇక్కడ వెదికారు. ఈ వాదం ఆకర్షణీయమైనదే అయినా నేను దాన్ని అంగీకరించను. ఐస్లాండ్ పదం నుంచి స్కాటిష్ పదానికి నడిచిన దారి గ్రంథస్థంగా కనిపించదు, రెండవ అక్షరంలోని రకారానికి అది సమాధానం చెప్పదు. గ్రామర్ వైపు చూస్తే గ్రామరీ, గ్రిమ్వార్ అన్న తోబుట్టువులున్నాయి, అలవాటైన ధ్వనిమార్పు ఉంది, బర్న్స్ ప్రాస ఉంది.

మీ రెండవ ప్రశ్నలో అసలు చిక్కుముడి ఇప్పుడొస్తుంది. కంటికి వేసే కట్టు అందం ఎలా అయింది? పందొమ్మిదవ శతాబ్దం నడుమ ఈ పదం రెండు అర్థాలతోనూ నడిచింది. 1840 ప్రాంతంలో మాయతో కూడిన ఆకర్షణ అన్న అర్థం మొదలైంది. అయినా 1859లో ఆంగ్లకవి టెన్నిసన్ వేల్స్ పురాణంలోని మాంత్రికుడు గ్విడియన్ పూలతో ఒక కన్యను సృష్టించడాన్ని చెబుతూ, గ్లామర్‌తో చేశాడని పాత అర్థంలోనే వాడాడు. దూరపు కొండల మీద, గతకాలపు యుద్ధాల మీద, రాజవంశాల మీద గ్లామర్ ఉందని రచయితలు రాయడం మొదలయ్యాక, దాన్ని వేసే మాంత్రికుడు వాక్యంలోంచి తప్పుకొన్నాడు. వేసేవాడు లేనప్పుడు ఆ గుణం ఆ వస్తువుదే అన్నట్లు వినిపిస్తుంది. నా దృష్టిలో ఈ పదచరిత్రలోని అతిపెద్ద మలుపు ఇదే: చూసేవాడి కంటి మీద ఉన్నది కాస్తా చూడబడేదానిలోకి వెళ్లింది. భ్రమ అని గుర్తుచేసే క్రియ పోయి, ‘ఉంది’ అన్న మాట మిగిలింది.

దీనికి సరైన జోడు ‘ప్రెస్టీజ్’ అన్న పదం. లాటిన్‌లో దాని మూలానికి గారడీ, కనుమాయ అని అర్థం. పదిహేడవ శతాబ్దపు ఆంగ్లంలో కూడా మోసమనే అర్థంలోనే వాడారు. పందొమ్మిదవ శతాబ్దంలో గౌరవం, ప్రతిష్ఠ అన్న అర్థానికి మారింది. ‘చార్మ్’, ‘ఎన్‌చాంట్’ అన్న పదాల మూలాల్లో పాట, మంత్రగానం ఉన్నాయి. మంత్రమనే అర్థంలోని ‘స్పెల్’కూ, అక్షరాలను వరుసగా చెప్పడమనే అర్థంలోని ‘స్పెల్’కూ జర్మానిక్ భాషల్లో పలుకు అనే అర్థంగల ఒకే మూలం ఉంది. అంటే అక్షరవిద్యకూ మంత్రానికీ చుట్టరికం కలిపింది గ్లామర్ ఒక్కటే కాదు. కాని పాట, పలుకుల నుంచి పుట్టిన ఆ మాటల్లో చెవి ప్రధానం, గ్లామర్‌లో కన్ను ప్రధానం. సినిమా యుగం ఈ పదాన్నే ఎన్నుకోవడానికి ఆ తేడా కారణమని నా నమ్మకం.

1930లలో హాలీవుడ్ స్టూడియోలు తమ తారల ఛాయాచిత్రాలను తీయించిన పద్ధతి పాత అర్థానికి ఎంత దగ్గరో చూడండి. జార్జ్ హరెల్ వంటి ఛాయాగ్రాహకులు ఒకవైపు నుంచి పడే బలమైన దీపకాంతితో, దట్టమైన నీడలతో, నెగెటివ్ మీద చేతితో దిద్దిన మెరుగులతో మామూలు చర్మాన్ని చలువరాయిలా చూపించారు. 1939లో ‘గ్లామర్ ఆఫ్ హాలీవుడ్’ పేరుతో ఒక పత్రిక మొదలైంది. తర్వాత దాని పేరు ‘గ్లామర్’ అని కుదించారు. ఈ కాలంలోనే పదం ప్రపంచమంతటా పాకి, అందులోంచి మోసమన్న ఛాయ దాదాపు పూర్తిగా తొలగింది. ఆంగ్లంలో గ్లీమ్, గ్లిట్టర్, గ్లో వంటి మెరుపును తెలిపే మాటలన్నీ ‘గ్ల’ ధ్వనితో మొదలుకావడం కూడా దీనికి తోడ్పడి ఉంటుంది. వ్యుత్పత్తిరీత్యా వాటితో సంబంధం లేకపోయినా వినేవారి చెవికి గ్లామర్ ఆ కుటుంబంలోదిగానే తోస్తుంది.

మీరు అనువాదం చేసే ఉద్దేశంతో అడిగి ఉంటే ఒక సూచన. పాత స్కాటిష్ గీతాల్లో, స్కాట్ కావ్యాల్లో, అలాగే పాత అర్థాన్ని తిరిగి చేపట్టిన నేటి కాల్పనిక నవలల్లో ఈ పదం కనిపిస్తే ‘కనికట్టు’, ‘మాయ’ అనండి. అక్కడ ‘అందం’ అంటే కథే తారుమారవుతుంది. ముఖ్యంగా అది క్రియగా వచ్చినా, ఒకరి మీద ‘వేసిన’ వస్తువుగా వచ్చినా పాత అర్థమేనని దాదాపు నిశ్చయించుకోవచ్చు. గత శతాబ్దపు రచనల్లో మనిషికి గుణంగా వస్తే ‘ఆకర్షణ’, ‘మెరుపు’ వంటివి సరిపోతాయి. ‘సౌందర్యం’ మాత్రం నాకు సరిగా అనిపించదు. అలంకరణ, దూరం, వెలుగు కలిసి కల్పించే ఆకర్షణను గ్లామర్ అంటారు గాని, నిరాడంబరమైన అందాన్ని ఆంగ్లేయులు కూడా ఆ మాటతో పిలవరు.

స్పెల్లింగ్ సంగతి. ‘ఆనర్’, ‘కలర్’ వంటి పదాలు లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చినవి. లాటిన్‌లో వాటి చివర ‘ఓ, ఆర్’ మాత్రమే ఉండేవి గనుక, ఫ్రెంచి ప్రభావంతో చేరిన ‘యు’ అక్కర్లేదని అమెరికన్ నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్ వాదించి తొలగించాడు. గ్లామర్ ఆ కోవలోని పదం కాదు. దాని చివరి భాగం గ్రామర్ చివరి భాగమే. రామ్సే కాలంలో దాన్ని ‘ఈ, ఆర్’తో కూడా రాశారు. ‘ఓ, యు, ఆర్’ రూపం స్కాట్ కావ్యాల ద్వారా స్థిరపడి అదే రూపంతో అమెరికా చేరింది. ‘యు’ లేని రూపం అమెరికాలో తప్పు కాదు, కాని అరుదు. ‘గ్లామరస్’ అన్న విశేషణంలో మాత్రం రెండు దేశాలవారూ ‘యు’ను వదిలే రాస్తారు; బ్రిటిష్ పద్ధతిలో ‘హ్యూమర్’లో ఉన్న ‘యు’ ‘హ్యూమరస్’లో పోయినట్లే ఇక్కడా పోతుంది.